తక్కువకు చేస్తానన్న మేస్త్రీ ఏం వదిలేశాడు?

పెన్‌పహాడ్ చుట్టుపక్కల రైతు వడ్లు అమ్మేటప్పుడు క్వింటాలు ధర ఒక్కటే అడిగి ఊరుకోడు. మిర్యాలగూడ మిల్లుకు తోలినా, ఊళ్లోని ఐకేపీ కేంద్రంలో పోసినా అడగాల్సినవన్నీ అడుగుతాడు. తేమ ఎంత చూపిస్తోంది, తాలు కింద ఎంత తీస్తారు, బస్తాకు తరుగు ఎన్ని కిలోలు, హమాలీ ఖర్చు ఎవరిది, పైసలు ఎన్నాళ్లకు చేతికొస్తాయి? తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో ఏమవుతుందో బడి ముఖం చూడని రైతుకూ తెలుసు. క్వింటాలుకు యాభై రూపాయలు ఎక్కువ పలికినంత మాత్రాన చేతికి ఎక్కువ వస్తుందని నమ్మడు. తరుగు, తాలు పోగా మిగిలేదెంతో వేళ్ల మీద లెక్క కట్టుకున్నాకే ట్రాక్టర్ కదిలిస్తాడు. అదే మనిషి ఇల్లు మొదలుపెట్టే రోజు వచ్చేసరికి 'చదరపు అడుగుకు ఎంత?' అన్న ఒక్క ప్రశ్నతో ఆగిపోతాడు. ముగ్గురు మేస్త్రీలు మూడు అంకెలు చెబుతారు. అందరికన్నా తక్కువ చెప్పిన మేస్త్రీ చేతిలో ఆ సాయంత్రమే బయానా పడుతుంది. ఆరు నెలల పంట దగ్గర అంత జాగ్రత్త పడే చోట, యాభై ఏళ్లు ఉండాల్సిన ఇంటి దగ్గర ఇంత తొందర ఎందుకన్నదే ఇక్కడి ప్రశ్న.

ఈ ప్రశ్న ఇప్పుడు ఊరూరా ఎదురవుతోంది. 2024 మార్చి 11న భద్రాచలంలో మొదలైన ఇందిరమ్మ ఇళ్ల పథకం నియోజకవర్గానికి 3,500 ఇళ్లు లెక్కగా సాగుతోంది. పెన్‌పహాడ్ మండలం సూర్యాపేట నియోజకవర్గంలోకి వస్తుంది. సొంత జాగా ఉన్నవారికి 5 లక్షల రూపాయల సాయం అందుతుంది. ఇల్లు 400 చదరపు అడుగులకు తగ్గకూడదు, 600 దాటకూడదు. పథకం మొదట్లో పెట్టుకున్న విడతల ప్రకారం బేస్‌మెంట్ పూర్తయితే లక్ష, గోడలు లేస్తే లక్షా పాతిక వేలు, స్లాబు పడితే లక్షా డెబ్బై ఐదు వేలు, అంతా అయ్యాక చివరి లక్ష. దీనికి ముందున్న డబుల్ బెడ్‌రూమ్ పథకంలో కాంట్రాక్టరును ఎంచేది ప్రభుత్వం. 560 చదరపు అడుగుల ఇంటికి పల్లెల్లో 5.04 లక్షలు, అంటే అడుగుకు సరిగ్గా 900 రూపాయలు కట్టారు. ఆ రేటుకు ముందుకొచ్చే కాంట్రాక్టర్లు లేక చాలాచోట్ల టెండర్లు మళ్లీ మళ్లీ పిలవాల్సి వచ్చింది. ఇప్పుడు ఆ ఎంపిక భారం లబ్ధిదారు మీద పడింది. టెండరు పెట్టె కలెక్టరేట్ నుంచి ఇంటి అరుగు మీదికి వచ్చిందన్నమాట. 5 లక్షలను 600తో భాగిస్తే అడుగుకు 833 రూపాయలు వస్తుంది, 400తో భాగిస్తే 1,250. దాదాపు పదేళ్ల కిందట 900 చాలదని కాంట్రాక్టర్లు తప్పుకున్న సంగతి గుర్తుంటే, 833కు పెద్ద ఇల్లు లేవదని వేరే చెప్పక్కర్లేదు. మిగతాది చేతి డబ్బో, అప్పో. కాబట్టి ఎవరికి పని అప్పగిస్తున్నామన్నది ఈ ఇళ్లలో చిన్న విషయం కాదు.

అందరికన్నా తక్కువ చెప్పినవారికే పని ఇవ్వాలన్న అలవాటు మనకు సర్కారు పనుల నుంచి అబ్బింది. టెండర్ల భాషలో దాన్ని ఎల్‌-1 అంటారు. రోడ్డయినా, బడి గదయినా, చెరువు కట్టయినా ఎల్‌-1కే దక్కుతుందని చిన్నప్పటి నుంచి వింటున్నాం కనుక అదే న్యాయమని, అదే తెలివని మనసులో నాటుకుపోయింది. అయితే ప్రభుత్వం ఆ నియమం పెట్టుకున్నది తక్కువ ధరలో ఏదో గొప్పతనం ఉందని కాదు. అధికారి ఖర్చు పెట్టేది జనం సొమ్ము. తనకు నచ్చినవారికి పని కట్టబెట్టే వీలు ఉండకూడదని, రేపు ఆడిట్ అడిగితే చూపించడానికి ఒక అంకె ఉండాలని ఆ చేతులకు కట్టిన తాడు అది. ఇంటి యజమాని చేతులకు అలాంటి తాడేమీ లేదు. రెండో ధర చెప్పిన మేస్త్రీని ఎంచుకుంటే అడిగే ఆడిటరూ లేడు, విచారణా లేదు. తనకు అక్కర్లేని తాడును తానే తెచ్చి చేతులకు కట్టుకుంటున్నాడు.

అంతకన్నా ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది. సర్కారు ఎల్‌-1ను ఒంటరిగా వదలలేదు. చుట్టూ కంచెలు వేసింది. ధర చెప్పేవాళ్లందరి ముందూ ఒకే పనుల పట్టిక పెడుతుంది. తవ్వకం ఇన్ని ఘనపు మీటర్లు, కాంక్రీటు ఫలానా రకం, స్టీలు ఇన్ని టన్నులు అని అందులో ముందే రాసి ఉంటుంది. గతంలో ఇలాంటి పని చేశారా అని చూస్తుంది. ధరావతు కట్టించుకుంటుంది. బిల్లుల్లోంచి కొంత మినహాయించి, పని ముగిశాక లోపాలు బయటపడే గడువు దాటేదాకా తన దగ్గరే ఉంచుకుంటుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 జూలై 1న నీటిపారుదల శాఖ ఇచ్చిన 94వ నంబరు జీవోలో మరీ తక్కువ ధరల గురించి ఒక షరతు ఉంది. అంచనా విలువలో 75 శాతం కన్నా కిందికి ఎవరైనా కోట్ చేస్తే, ఆ తేడా మొత్తాన్ని ఒప్పందం రోజే అదనపు పూచీగా కట్టాలి. అంటే మరీ తక్కువ ధర వస్తే ప్రభుత్వం సంతోషించలేదు, అనుమానించింది. అంత తక్కువకు చేస్తాననే మనిషి మధ్యలో వదిలేస్తే ఎలాగని ముందే ఆలోచించింది. కేంద్ర ఆర్థిక శాఖ కూడా 2021 అక్టోబరు 29న ఇచ్చిన మార్గదర్శకాల్లో, నాణ్యత ముఖ్యమైన నిర్మాణ పనులకు ధరతో పాటు నాణ్యతకూ 30 శాతం దాకా మార్కులు వేసుకోవచ్చని ఒప్పుకుంది. మనం మాత్రం ఆ పద్ధతిలోంచి ఎల్‌-1ను అరువు తెచ్చుకొని కంచెలన్నీ అక్కడే వదిలేసి వచ్చాం. పట్టిక లేదు, పూచీ లేదు, పాత పని చూసింది లేదు, ఆపి ఉంచిన డబ్బు లేదు. ఇక ఆ తక్కువ అంకె మనల్ని కాపాడుతుందనుకోవడంలో అర్థం లేదు.

తక్కువ అంకె ఎక్కడి నుంచి పుడుతుందో కాస్త ఆలోచించాలి. 1971లో అమెరికాలోని అట్లాంటిక్ రిచ్‌ఫీల్డ్ చమురు కంపెనీకి చెందిన ముగ్గురు ఇంజినీర్లు ఒక వ్యాసం రాశారు. సముద్రంలో చమురు బ్లాకుల వేలంలో గెలిచిన కంపెనీలకు ఆశించిన లాభాలు ఎందుకు రావడం లేదన్నది వాళ్ల ప్రశ్న. బ్లాకు కింద ఎంత చమురుందో ఎవరికీ కచ్చితంగా తెలియదు. ఒకరు ఎక్కువ ఊహిస్తారు, ఒకరు తక్కువ. వేలం గెలిచేది అందరికన్నా ఎక్కువ ఊహించినవారే, అంటే అందరికన్నా ఎక్కువ పొరపడినవారే. ఆర్థికవేత్తలు దీన్ని గెలిచినవారి శాపం అంటారు. ఇంటి పనిలో ఇది తలకిందులుగా పనిచేస్తుంది. ఒకే ఇంటికి ఐదుగురు లెక్క వేస్తే, అందరికన్నా తక్కువ వచ్చేది ఎక్కువ మరిచిపోయిన మేస్త్రీకే అయ్యే అవకాశం హెచ్చు. పిట్టగోడ మరిచారో, మెట్లు మరిచారో, బేస్‌మెంట్‌లో నింపే మట్టి మరిచారో! ఎక్కువమందిని అడిగేకొద్దీ ఆ ప్రమాదం పెరుగుతుందే గాని తగ్గదు. చమురు కంపెనీ నష్టాన్ని ఖాతాల్లో రాసుకొని భరించగలదు. అడ్డా మీది కూలీలకు ఏ రోజు కూలి ఆ రోజే ఇవ్వాల్సిన మేస్త్రీ భరించలేడు. అందుకే ఆ నష్టం తిరిగి ఇంటి మీదికే వస్తుంది. ఎక్స్‌ట్రా అంటూ అడిగే డబ్బుగానో, పలచబడిన మాలుగానో, గోడల దగ్గర ఆగిపోయిన పనిగానో వస్తుంది. ఇది కొత్తగా కనిపెట్టిన నిజమూ కాదు. ఫ్రాన్స్ కోటల ఇంజినీరు వొబాన్ 1683 జూలైలోనే తమ యుద్ధ మంత్రి లువ్వాకు ఇదే మొర పెట్టుకుంటూ ఉత్తరం రాశాడు. చౌక గుత్తలకు ఎగబడేది వేరే దిక్కులేని వాళ్లేనని, దానివల్లే పనులు ఆగుతున్నాయని ఆయన బాధ.

ఇక అడుగు లెక్కే తీసుకుందాం. 20 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు ఉన్న ఇల్లు అనుకోండి. గోడల కొలతతో చూస్తే 600 చదరపు అడుగులు. నాలుగు వైపులా స్లాబు రెండేసి అడుగులు ముందుకు వస్తే పైకప్పు 24కి 34, అంటే 816 అడుగులు. ఒక మేస్త్రీ అడుగుకు 1,900 అన్నాడని, ఇంకో మేస్త్రీ 1,600 అన్నాడని ఉదాహరణకు అనుకుందాం. మొదటిది గోడల కొలత మీద, రెండోది స్లాబు కొలత మీద అయితే మొదటి ఇల్లు 11 లక్షల 40 వేలు, రెండోది 13 లక్షల 5 వేల పైచిలుకు. తక్కువ చెప్పిన మేస్త్రీకే లక్షా అరవై ఐదు వేలు ఎక్కువ ముడుతుంది. కొందరు ముందుకొచ్చిన భాగాన్ని సగమే లెక్కిస్తారు, కొందరు సజ్జలను కూడా కలుపుతారు. ఇందులో ఎవరూ అబద్ధమాడలేదు. ఏ కొలత మీద అని ఎవరూ అడగలేదు, అంతే. సంపు, సెప్టిక్ ట్యాంకు, బయటి గిలాబు, కరెంటు పైపులు, కిటికీల గ్రిల్లు, నీళ్ల ట్యాంకు కింద దిమ్మె ఆ రేటులో ఉన్నాయా లేవా అన్నదీ ఇలాంటిదే.

కనిపించే వాటి సంగతి ఇంత. కనిపించని వాటిలో అసలు తేడా ఉంది. స్లాబు మందం 5 అంగుళాలని ఒకరు, 4 అంగుళాలని ఒకరు మనసులో పెట్టుకుంటే, 600 అడుగుల స్లాబుకు కాంక్రీటు మొదటి లెక్కలో 250 ఘనపుటడుగులు, రెండో లెక్కలో 200. ఎం-20 రకం కాంక్రీటుకు ఘనపు మీటరుకు ఎనిమిది బస్తాల లెక్కన ఆ తేడా సుమారు 11 బస్తాల సిమెంటు. కింద నిలబడి చూసేవారికి ఆ అంగుళం తేడా తెలియదు. సలాకల సంగతి ఇంకా సూక్ష్మం. 8 ఎంఎం సలాకలు 5 అంగుళాలకొకటి కట్టాల్సిన చోట 7 అంగుళాలకొకటి కడితే ఆ వరసలో స్టీలు 28 శాతానికి పైగా తగ్గిపోతుంది. ఆ సలాక కూడా నిజంగా 8 ఎంఎందేనా? దీనికి ఇంజినీరు అక్కర్లేదు. మందాన్ని మందంతో హెచ్చించి 162తో భాగిస్తే మీటరు సలాక ఎన్ని కిలోలుండాలో వస్తుంది. 8 ఎంఎందయితే మీటరుకు 395 గ్రాములు, 12 మీటర్ల నిండు సలాక 4 కిలోల 740 గ్రాములు. కొద్దిపాటి హెచ్చుతగ్గులు ఉంటాయి. నాలుగు కిలోలకు అటూఇటూ తూగితే మాత్రం అది 8 ఎంఎంగా అమ్మిన సన్న సలాక. వడ్లు తూచే కాంటా మీదే దీన్నీ తూచవచ్చు. మన జిల్లాలో మేళ్లచెరువు, మట్టంపల్లి, పాలకవీడు వైపు సిమెంటు ఫ్యాక్టరీలు ఇంత దగ్గర ఉన్నాయి కదా అని బస్తా తాజాదే అనుకోవడానికీ లేదు. తయారైన కాలం బస్తా మీదే అచ్చేసి ఉంటుంది, చదవాలి. మూడు నెలలు దాటిన సిమెంటును పరీక్షించకుండా స్లాబులో పోయకూడదు. ఇక పునాది. ఒకే ఊళ్లో ఒక పక్క ఎర్ర చెలక, ఇంకో పక్క నల్లరేగడి ఉండే ప్రాంతం మనది. రేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు విడుస్తుంది. చెలకలో సరిపోయిన లోతు రేగడిలో సరిపోదు. జాగా చూడకుండా, గడ్డపార దింపకుండా ఫోన్‌లోనే రేటు చెప్పారంటే పునాది లోతు ఆ రేటులో లేదనే అర్థం.

కాబట్టి నా వాదన ఇది. ధరలు అడగడానికి ముందే పట్టిక ఉండాలి. ఆ పట్టిక ఇంటి యజమానిది కావాలి, మేస్త్రీది కాదు. పునాది లోతు, పిల్లర్లు ఎన్ని, వాటిలో సలాకలు ఎన్ని, ఏ మందం, స్లాబు ఎన్ని అంగుళాలు, కాంక్రీటు పాళ్లు, గిలాబు ఎన్ని పూతలు, నీళ్లు ఎన్ని రోజులు కొట్టాలి, ఏ కొలత మీద లెక్క, అందులో చేరనివి ఏమిటి? రెండు పేజీలు చాలు. గృహనిర్మాణ శాఖ ఏఈని అడిగినా, సూర్యాపేటలోనో కోదాడలోనో ప్లాన్ గీసే ఇంజినీరుకు కొద్ది ఫీజు ఇచ్చినా ఆ రెండు పేజీలు వస్తాయి. మండల కేంద్రాల్లో నమూనా ఇళ్లు కట్టాలని ప్రభుత్వం తలపెట్టింది. అలాంటి ఇంటిని చూడబోయినప్పుడు రంగులు చూసి వచ్చేయకుండా ఈ కొలతలు రాసుకొని రావాలి. తర్వాత అదే కాగితం ముగ్గురికీ ఇచ్చి ధర అడగాలి. అప్పుడే ఆ మూడు అంకెలు ఒకే ఇంటి గురించి మాట్లాడతాయి. అంతకు ముందు అవి మూడు వేర్వేరు ఇళ్ల ధరలు, వాటిని పోల్చి లాభం లేదు.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం నమ్మకం గురించి. మేస్త్రీ మనూరి మనిషి, వరసకు బావో మామో అవుతాడు, కాగితం రాయమంటే చిన్నబుచ్చుకుంటాడు అంటారు. ఊరి సంబంధాలు విలువైనవే. కానీ ఊళ్లో ఇళ్ల దగ్గర జరిగే తగాదాలు చూస్తే, మోసం వల్ల వచ్చినవాటికన్నా 'అది కూడా అందులోనే అనుకున్నాను', 'అది వేరే అని చెప్పాను కదా' అన్న మాటల వల్ల వచ్చినవే ఎక్కువ. కాగితం యజమానికి ఎంత రక్షణో మేస్త్రీకీ అంతే. సజ్జ ఇంకో అడుగు పెంచమని, గూడు ఒకటి ఎక్కువ పెట్టమని రోజుకొక కోరిక కోరే యజమానుల వల్ల నష్టపోయే మేస్త్రీలు తక్కువేమీ కాదు. మన పక్కనే పిల్లలమర్రిలో రేచర్ల రెడ్లు గుడులు కట్టించిన కాలంలోనే దేవుడికిచ్చిన దానాన్ని కూడా రాతి మీద చెక్కించారు. దేవుడి మీద నమ్మకం లేక రాయించలేదు కదా.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. తక్కువ చెప్పినవాళ్లందరూ మరిచిపోయినవాళ్లేనా, నిజంగా తక్కువలో చేయగల సమర్థులు ఉండరా? ఉంటారు. సొంత సెంట్రింగ్ చెక్కలు, సొంత మిల్లర్ ఉన్న మేస్త్రీకి అద్దె ఖర్చు లేదు. పక్క వీధిలోనే ఇంకో రెండు ఇళ్లు నడుస్తుంటే కూలీలను అటూ ఇటూ సర్దుకోవచ్చు. నాట్లు, కోతలు లేని నెలల్లో కూలి తక్కువకు దొరకవచ్చు. వీటిలో ఏదైనా కారణం ఉంటే ఆ తక్కువ ధర అచ్చమైనదే, కళ్లకద్దుకొని తీసుకోవాలి. అందుకే తక్కువ ధరను తోసిపుచ్చమని చెప్పడం లేదు, ఎందుకు తక్కువో అడగమంటున్నాను. సమర్థులు ఆ ప్రశ్నకు క్షణంలో జవాబు చెబుతారు. చెక్కలు చూపిస్తారు, నడుస్తున్న ఇల్లు చూపిస్తారు. 'అవన్నీ మీకెందుకు, నేను చూసుకుంటా' అన్న మాట ఎదురైతే అక్కడ ఆగాలి. అలాగే ఎక్కువ చెప్పినవారే మంచి పనివారని కూడా అనుకోకూడదు. పని ఇష్టం లేక ఎక్కువ చెప్పేవారుంటారు, యజమాని హైదరాబాద్‌లో ఉద్యోగమని తెలిసి చెప్పేవారుంటారు. ఎక్కువ అంకె కూడా తక్కువ అంకె లాగే ఒక్క ముక్క సమాచారం ఇవ్వదు. ఒక వానాకాలం దాటిన పాత ఇల్లు ఇస్తుంది. ఆ మేస్త్రీ రెండేళ్ల కిందట కట్టిన ఇంటికి వెళ్లి, స్లాబు కింద తడి మరకలు ఉన్నాయా, పిల్లరుకూ గోడకూ మధ్య చీలిక ఉందా చూసి, పని మధ్యలో ఎన్నిసార్లు డబ్బు అడిగాడో ఆ ఇంటావిడను అడిగితే ఏ కొటేషనూ చెప్పనిది తెలుస్తుంది.

ఇంత గొడవ ఎందుకు, నమ్మిన ఒక్కరికే ఇచ్చేద్దాం అన్నది మూడో మాట. దాని చిక్కు దానికుంది. మిర్యాలగూడ పక్కన దామరచర్ల దగ్గర 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రానికి 2015 జూన్‌లో శంకుస్థాపన జరిగింది. పనిని పోటీ టెండరు లేకుండా నామినేషన్ మీద బీహెచ్ఈఎల్‌కు ఇచ్చారు. ప్రభుత్వ రంగ సంస్థే, అనుభవమున్న సంస్థే. అయినా పోటీ లేకుండా ఎందుకిచ్చారన్న ప్రశ్న వదల్లేదు. 2024లో న్యాయ విచారణ కమిషన్ వేసేదాకా వెళ్లింది. తప్పు జరిగిందా లేదా అన్నది వేరే సంగతి. ఇంకో ధర పక్కన లేనప్పుడు, ఇచ్చిన ధర సరైనదని చూపించడం ఇచ్చినవారికి కూడా కష్టమవుతుంది. ఇటు పోటీ ఒక్కటే చాలనుకున్నా కుదరదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో పోలవరం పనులకు రివర్స్ టెండరు పెడితే 12.6 శాతం తక్కువకు ఒకే ఒక్క సంస్థ ముందుకొచ్చింది. 628 కోట్లు మిగిలాయని అప్పటి ప్రభుత్వం ప్రకటించింది. 2024లో వచ్చిన ప్రభుత్వం ఆ పద్ధతినే ఎత్తేసింది. ఒప్పందం మీద సంతకం పెట్టిన రోజు మిగిలిందని చెప్పే డబ్బు కాగితం మీది లెక్క. నిర్మాణం ముగిసి, వాడకంలోకి వచ్చి, నాలుగు వానలు తట్టుకున్నాక మిగిలిందే మిగులు.

డబ్బు ఇచ్చే తీరు గురించి ఒక్క మాట చెప్పాలి, ఎందుకంటే ఇంటి యజమాని చేతిలో ఉన్న అసలు బలం అదే. ఇందిరమ్మ పథకంలో ప్రభుత్వమే పని చూసి డబ్బు ఇస్తోంది, ముందు ఇవ్వడం లేదు. లబ్ధిదారు కూడా మేస్త్రీతో అదే పాటించాలి. అయితే మొత్తం భారం మేస్త్రీ మీద వేయడం కూడా న్యాయం కాదు. వారం వారం కూలి ఇవ్వాల్సిన మనిషి దగ్గర పెట్టుబడి ఉండదు. బయానా కొద్దిగా, తర్వాత పని వెనకాలే డబ్బు, ఏ రోజూ పని కన్నా డబ్బు ముందుండకుండా చూసుకోవాలి. చివరి మొత్తంలో కొంత భాగం ఒక వానాకాలం దాటేదాకా ఆపుతామని మొదటి రోజే చెప్పి, ఆ మాట కాగితం మీద పెట్టాలి. అలా చెబితే ఆ మేరకు రేటు కాస్త పెంచుతానని మేస్త్రీ అంటే ఒప్పుకోవచ్చు. ఆ పెంపు వృథా ఖర్చు కాదు, స్లాబు కురవకుండా చెల్లించే బీమా.

బయానా ఇచ్చేముందు ఈ రెండు పేజీలు రాయించండి. స్లాబుకు సలాకలు కట్టిన సాయంత్రం, కాంక్రీటు పోయకముందే, కాగితం, టేపు పట్టుకొని సెంట్రింగ్ పైకి ఎక్కండి. 5 అంగుళాలని రాసుకున్న చోట 5 అంగుళాలే ఉన్నాయా కొలవండి. సలాకల కింద కవర్ బిళ్లలు పెట్టారా చూడండి. తేడా ఉంటే ఆ రాత్రే విప్పి కట్టించవచ్చు. తెల్లారి మిల్లర్ తిరగడం మొదలైతే ఇక ఆ సలాకలు ఎవరికీ కనబడవు.